ఈషర్ దగ్గర క్లేర్‌మాంట్: చూడొచ్చా? అసలు అది ఎవరిది?

అడిగినది:

అందరికీ నమస్కారం. మేం ఈ మధ్యే లండన్ దగ్గర కింగ్‌స్టన్‌లో దిగాం. ఆఫీసులో ఒకావిడ క్లేర్‌మాంట్ తోట చూసి రమ్మంది. తోట నేషనల్ ట్రస్ట్‌ది (పాత కోటలు, తోటలు కాపాడే సంస్థ), పక్కనున్న మేడలో మాత్రం బడి నడుస్తోందట. ఒకే ఎస్టేటు ఇద్దరి చేతుల్లోకి ఎలా పోయింది? మా నాన్నగారు హిస్టరీ లెక్చరర్‌గా రిటైరయ్యారు, వచ్చే నెల వస్తున్నారు. ఆయన అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా, దాని గురించే టెన్షన్.

జవాబు:

నాన్నగారిని తప్పకుండా తీసుకెళ్లండి. మన కోస్తా జిల్లాల కథకూ ఆ ఎస్టేటుకూ సంబంధం ఉంది.

అక్కడ మొదట ఇల్లు కట్టుకున్నది జాన్ వాన్‌బ్రూ. నాటకాలు రాసినవాడు, బ్లెనిమ్ ప్యాలెస్‌కి ఆర్కిటెక్టు. 1714లో దాన్ని క్లేర్ ప్రభువుకి అమ్మేశాడు, ఆ పేరే ఎస్టేటుకి వచ్చింది. ఆ ప్రభువే తర్వాత న్యూకాసిల్ డ్యూక్ అయి, రెండుసార్లు ప్రధానమంత్రిగా చేశాడు. చెరువు, మధ్యలో లంక, వాలు మీద గడ్డితో మలిచిన మెట్లు ఆయన హయాంలోవే. ఆ మెట్లని కిందనుంచి చూడండి: పై వరసలు ఒకవైపు వంపు తిరిగితే కింది వరసలు రెండోవైపు తిరుగుతాయి. పైకెక్కి చూస్తే చెరువంతా కనిపిస్తుంది.

ఆయన 1768లో పోయాడు. మరుసటి ఏడాది ఆయన భార్య దగ్గర ఎస్టేటు కొన్నది రాబర్ట్ క్లైవ్. ప్లాసీ తర్వాత మీర్ జాఫర్ నుంచి 2,34,000 పౌండ్లు పుచ్చుకున్నాడు, పైగా ఏటా 27,000 పౌండ్ల జాగీరు. ఉన్న ఇల్లు పడగొట్టించి, ఆర్కిటెక్టులు కేపబిలిటీ బ్రౌన్, హెన్రీ హాలండ్‌ల చేత కొంచెం ఎత్తు మీద కొత్త మేడ కట్టించాడు. అందులో కాపురం చేసే యోగం మాత్రం దక్కలేదు. 1774 నవంబరులో లండన్‌లో చనిపోయాడు.

ఇక మన సంగతి. 1758లో విజయనగరం ఆనంద గజపతిరాజుకి సాయంగా బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ని పంపింది ఈ క్లైవే. చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడారు, 1759లో బందరు కోట ఇంగ్లీషువాళ్ల వశమైంది. 1765లో మొఘల్ చక్రవర్తి షా ఆలం దగ్గర ఉత్తర సర్కారులకి, అంటే మన కోస్తా జిల్లాలకి, ఫర్మానా రాయించుకున్నదీ ఆయనే. నిజాం ఒప్పుకోలేదు. ఏటా ఇంత సొమ్ము కడతామని 1766లో ఒప్పందం రాసుకున్నాకే ఈస్టిండియా కంపెనీ అడుగు గట్టిపడింది. ఆ గడ్డి మీద పిల్లలు ఆడుకుంటుంటే వాళ్లకి ఈ ముక్క చెప్పాలని నాకు గట్టిగా ఉంటుంది. తోట బాగుంటుంది, దాని వెనక డబ్బు ఎక్కడిదో కూడా తెలియాలి.

తర్వాత చాలా చేతులు మారింది. 1816లో పార్లమెంటు చట్టం చేసి మరీ కొని బ్రిటిష్ యువరాణి షార్లెట్‌కీ, భర్త లియోపోల్డ్‌కీ పెళ్లి కానుకగా ఇచ్చారు. ఏడాదిన్నర తిరక్కుండానే, 1817 నవంబరులో, ఆమె ఆ ఇంట్లోనే పురిట్లో పోయింది. బిడ్డా దక్కలేదు. లియోపోల్డ్ తర్వాత బెల్జియం రాజైనా ఎస్టేటు వదులుకోలేదు. 1848లో గద్దె దిగి పారిపోయి వచ్చిన ఫ్రాన్సు రాజు లూయీ ఫిలిప్‌కి తలదాచుకోవడానికి ఇచ్చారు, ఆయనా అక్కడే కన్నుమూశాడు. 1882లో విక్టోరియా రాణి తన చిన్న కొడుకు అల్బనీ డ్యూక్ కోసం దాన్ని కొంది.

మీరు అడిగిన చిక్కుముడి ఇక్కడే మొదలైంది. ఆ డ్యూక్ కొడుకు చార్లెస్ ఎడ్వర్డ్ జర్మనీలో కోబర్గ్ గద్దెకి వారసుడై వెళ్లాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ పక్షాన నిలిచాడు. 1919లో బ్రిటిష్ బిరుదులు ఊడగొట్టారు. 1922లో తల్లి పోయాక ఎస్టేటు ఆయనకి దక్కలేదు, ప్రభుత్వం స్వాధీనం చేసుకుని అమ్మేసింది. ఆపైన ముక్కలైంది. 1930 ప్రాంతంలో మేడ బడి చేతికి వచ్చింది, 1949లో తోట నేషనల్ ట్రస్ట్‌కి వచ్చింది.

మళ్లీ అడిగినది:

చాలా థాంక్సండీ. మేడ లోపల చూడనిస్తారా? ట్రస్ట్ మెంబర్‌షిప్ తీసుకోమంటారా?

జవాబు:

మేడ బడిది కాబట్టి మామూలు రోజుల్లో లోపలికి పోనివ్వరు, దాన్ని నమ్ముకుని వెళ్లకండి. మెంబర్‌షిప్ ఈ ఒక్కచోటికైతే వద్దు, ఏడాదిలో నాలుగైదు చోట్లకి తిరిగేట్టయితే తీసుకోండి. ముందు మామూలు టికెట్‌తో చూసి రండి.

ఇంకొక సభ్యురాలు:

తీసుకుంటే మాత్రం వేల్స్ సరిహద్దు దాటి పొవిస్ కోటకి వెళ్లండి, అదీ ట్రస్ట్‌దే. క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. రాయలసీమ దత్తమండలాలుగా కంపెనీకి పోయింది ఆయన హయాంలోనే, 1800లో. ఆయన భార్య పొవిస్ వారి ఆడపడుచు, ఆ పెళ్లితోనే కోట క్లైవ్ వంశానికి వచ్చింది. టిప్పు సుల్తాన్ డేరా అక్కడే ఉంది, పూల అద్దకం గుడ్డతో కుట్టింది. మావారిది కర్నూలు, దాని ముందునుంచి కదల్లేదు. లండన్ నుంచి ఒక్కరోజులో వెళ్లి రావడం కష్టం, నాన్నగారితో అయితే రాత్రికి అక్కడే గది తీసుకోండి.