పైన్ విత్తన తోటల్లోకి వచ్చే బయటి పుప్పొడి నష్టమేనా?

ప్రశ్న: మేలైన చెట్ల కొమ్మలను అంటుకట్టి పెంచిన పైన్ విత్తన తోటల్లోకి చుట్టుపక్కల అడవుల పుప్పొడి గాలికి వచ్చి చేరుతుంది. దానివల్ల ఎంపిక ఫలితం తగ్గుతుందంటారు. మరి జన్యు వైవిధ్యం పెరగడం మంచిదే కదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1: పెరుగుదల వరకు లెక్క సులభమే. సగం విత్తనాలకు తండ్రి ఎంపిక చేయని బయటి చెట్టయితే, తల్లి వైపు లాభం అలాగే ఉంటుంది కనుక, మొత్తం లాభంలో సుమారు నాలుగో వంతే పోతుంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది చలిని తట్టుకునే గుణం. ఫిన్లాండ్‌లో విత్తనం బాగా పండుతుందని ఉత్తరాది స్కాట్స్ పైన్ క్లోన్లను (ఒక్కో మేలైన చెట్టు కొమ్మల నుంచి అంటుకట్టిన దాని నకళ్లను) దక్షిణాన నాటారు. అక్కడి స్థానిక పుప్పొడితో పుట్టిన మొక్కలకు ఉత్తరాది చలిని ఓర్చుకునే శక్తి తగ్గింది.

జవాబు 2: పై మాటతో ఏకీభవిస్తూనే ఒకటి చేర్చాలి. వైవిధ్యాన్ని తోటలోని క్లోన్ల సంఖ్యను బట్టి కాక, అవి ఎంత సమానంగా పుప్పొడినీ విత్తనాన్నీ ఇస్తున్నాయన్న దాన్ని బట్టి అంచనా వేయాలి. లేత తోటల్లో ఆడ శంకువులు (విత్తనాలు ఏర్పడే భాగాలు) వచ్చినా సొంత పుప్పొడి తక్కువగా ఉండటంతో బయటి వాటా పెరుగుతుంది. ఒకే క్లోన్ చెట్ల మధ్య సంపర్కం జరిగితే పిండాలు చాలావరకు చనిపోయి తాలు గింజలు మిగులుతాయి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. నివారణ మార్గం ఉందా?

జవాబు 3: ఉంది, కానీ శ్రమతో కూడినది. ఆడ శంకువులు విచ్చుకోకముందే సంచులు తొడిగి, అవి విచ్చుకున్నాక ఎంచుకున్న పుప్పొడిని లోపలికి ఊదుతారు. అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో లోబ్లోలీ పైన్‌కు ఈ పద్ధతిని విస్తృతంగా వాడుతున్నారు. బయటి వాటా ఎంతో డీఎన్ఏ పరీక్షతో తేల్చుకున్నాకే ఈ ఖర్చుకు దిగడం మేలు.