హంపీ స్లాబ్‌కు వీ2 ఏమిటి? అలవాటు లేని ఎక్కుడుకు గ్రేడు ఎవరు వేయాలి?

అమలాపురం కుర్రాడు:
నిన్ననే హంపీ నుంచి వచ్చాను, తాడు లేకుండా బండలెక్కే బౌల్డరింగ్‌కు వెళ్లి. దాని కష్టాన్ని కొలిచే గ్రేడే వీ; అంకె పెరిగినకొద్దీ కష్టం. మా కొబ్బరి గోడౌన్‌లోని చెక్క గోడ మీద వీ5 ఎక్కుతాను. అక్కడ వీ2 అని చెప్పిన స్లాబ్, అంటే ఏటవాలు బండ మీద రెండు పూటలు జారుతూనే ఉన్నాను. చేతికి పట్టు లేదు, కాలికి గోరంత అంచు లేదు. బూటు మునివేళ్లు గరుకు మీద ఆనించి లేవాలి, అంతే. దాన్ని వీ4 అనకపోతే ఆ అంకె ఎందుకు?

రాజమండ్రి మాస్టారు:
జారింది నువ్వు బాబూ, దానికి బండ ఏం చేస్తుంది? ఈ వీ గ్రేడ్లు అమెరికా క్లైంబర్ జాన్ షెర్మన్ 1991లో టెక్సస్‌లోని హ్యూకో ట్యాంక్స్ గైడుపుస్తకంలో అచ్చువేసినవి. అక్కడ పేరుపడ్డవి మీదికి వాలిన రాళ్లు, చేతికి దొరికే గుంతలు. ఆ కొలబద్ద స్లాబ్‌కు అంత సరిగా అతకదు, కాదనను. కానీ మీ ఊళ్లో కొబ్బరికాయల దింపు తీసేవాళ్లను చూడు. నేనూ ఒకసారి సరదాపడి కొబ్బరిచెట్టు ఎక్కబోయి, ఆరడుగులకే తొడలు గీరుకుపోయి దిగాను. అంతమాత్రాన చెట్టు వీ8 అవుతుందా? ఆ తీరు వచ్చినవాళ్లే దాని గ్రేడు చెప్పాలి.

భీమవరం అమ్మాయి:
అలవాటుతో పోయే కష్టానికి ఆ మాట సరే మాస్టారూ. నా ఎత్తు ఐదడుగులు. ఆరడుగుల మనిషి చేయి చాపి అందుకునే పట్టుకు నేను గాల్లోకి ఎగరాలి. ఆయనకు వీ3, నాకు ఎగిరి అందుకునే డైనో. పదేళ్లు సాధన చేసినా నా చేయి పొడుగవదు కదా! గ్రేడు వేసినవాళ్లంతా పొడుగువాళ్లే అయితే వాళ్ల ఏకాభిప్రాయం నాకెందుకు?

రాజమండ్రి మాస్టారు:
ఇది ఒప్పుకోక తప్పదమ్మా. అంకె పక్కన ‘పొట్టివారికి కష్టం’ అని ఒక ముక్క రాయాలి. అంకె మాత్రం మార్చను.

కాకినాడ నుంచి ఒకరు:
అసలు ఆ గోడౌన్ వీ5 ఎవరు వేశారు? డెల్టా అంతా ఒండ్రుమట్టి, పక్కన పోల్చి చూసుకోవడానికి ఒక్క బండ లేదు. పైగా మన ఉక్కకు చెమట పీల్చే చాక్‌పొడి పూసిన చేయి కూడా నిమిషంలో తడుస్తుంది. చెమటకు జారితే అదీ గ్రేడులో కలిపేశారేమో!

అమలాపురం కుర్రాడు:
వేసింది నేనూ మా తమ్ముడూ. సరే, నవ్వుకోండి.
ఇవాళ మా తోటలో దింపు. దింపు తీసే ఆయన ఎక్కుతుంటే కిందనుంచి పాదాలే చూశాను. నడుము చెట్టుకు దూరంగా ఉంచి, బరువంతా అరికాళ్లతో మానుకేసి నొక్కుతున్నాడు. నేనేమో ఆ బండ మీద భయంతో బల్లిలా అతుక్కుపోయాను. అలా ఒరిగినకొద్దీ పాదం మీద నొక్కు తగ్గి బూటు జారింది. సంక్రాంతి తర్వాత మళ్లీ వెళ్తాను.
అయినా అది వీ3.