బుల్లి ఆర్కిడ్ మొక్కల వేరు మొనలు మాడిపోతున్నాయి, ఏం చేయాలి?

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్, తూర్పు బాల్కనీ. రెండు నెలల కిందట ఫ్లాస్క్ (ల్యాబ్‌లో మొక్కలు మొలిపించే సీసా) నుంచి తీసిన ఫెలెనాప్సిస్ రకం ఆర్కిడ్ పిల్లమొక్కలు పన్నెండు తెప్పించాను. ఆకులు రెండంగుళాలు కూడా లేవు. నాచులో పెడితే ఎక్కువ నీళ్లు పోసి కుళ్లబెడతానని (అనుభవమే లెండి) నేరుగా లెకా అనే కాల్చిన తేలికపాటి మట్టి గోళీల్లో పెట్టేశాను. ప్లాస్టిక్ గ్లాసు, అడుగు నుంచి అంగుళం ఎత్తులో రెండు చిల్లులు, అక్కడిదాకా నీళ్లు.

మొదటి నెల బాగానే ఉన్నాయి. ఇప్పుడేమో కొత్త వేరు పచ్చటి మొనతో వస్తుంది, గోళీని తాకిన నాలుగైదు రోజులకే మొన గోధుమరంగుకు తిరిగి ఆగిపోతుంది. పై వరస గోళీల మీద ఉప్పులాంటి తెల్లటి పొర. పోసేది బోరు నీళ్లు, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 600 పైనే. వారానికోసారి ఎరువు పావు మోతాదులో ఇస్తున్నాను.

నా అనుమానం ఉప్పు మీదే. కానీ గోళీలు కూడా చింతగింజ కంటే పెద్దవి, తడి పైదాకా ఎక్కట్లేదేమో. ఆర్వో నీళ్లలో నానబెట్టి కడిగితే సరిపోతుందా, 4–8 మిల్లీమీటర్ల సన్న గోళీలకు మార్చాలా? ఉన్న కాసిని వేర్లను మళ్లీ కదపాలంటే భయంగా ఉంది. ఇంత చిన్న మొక్కల్ని ఇలా పెంచినవాళ్లుంటే, వేర్లు కిందికి దిగేదాకా నీటిమట్టం ఎంతలో ఉంచారో చెప్పండి, ప్లీజ్.