ఈ వారం సమస్య: “ఉప్పునీరు త్రాగి దప్పి తీరె”

నిర్వాహకుడు (మైలాపూరు): చెన్నై ఎండాకాలం, మా బోరు నీళ్ళు నోట పెట్టలేం. ఆ కోపంలో పుట్టిన సమస్య ఇది. ఆటవెలది నాలుగో పాదం ఇది, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. ఉప్పు–దప్పి ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలవడం), కంగారు పడకండి. సంధి కోసం ‘నుప్పు’, ‘యుప్పు’ అని మార్చుకోవచ్చు.

పెరంబూరు పంతులు:

మండుటెండలోన మెరినాకు వెళ్ళగా
బీచియిసుకమీద బిలిచె నొకడు
నిమ్మ పిండి కలిపి నిండుగా నిచ్చిన
యుప్పునీరు త్రాగి దప్పి తీరె

నిర్వాహకుడు: నిమ్మరసంతో తప్పించుకున్నారు! మొదటి పాదంలో ‘మ’కు ‘మె’ యతి చెల్లదు. ‘మధ్యాహ్నవేళలో’ అంటే సరి.

అడయారు అక్క: ముప్పై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పినదాన్ని, నాకు చేపే గుర్తొచ్చింది: సముద్రంలో ఉంటే విలస, గోదారి ఎక్కితే పులస.

కడలినీట విలస కాయమ్ము వాడగా
మొప్పలుప్పునంత మోసి పోయ
నీరు మాత్రమొంట నిల్చెను వింతగా
నుప్పునీరు త్రాగి దప్పి తీరె

పంతులు: నీళ్ళలో ఉండి ‘వాడటం’ ఏమిటక్కా?

అడయారు అక్క: సముద్రంలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు. చేప రక్తంలో ఉండేది అందులో మూడో వంతు. అందుకని ఒంట్లో నీరు బయటికి లాగేసుకుపోతుంది, ఊరగాయ ముక్కలోంచి ఊట దిగినట్టు. అది భర్తీ కావాలంటే సముద్రాన్నే తాగాలి. మనం తాగితే మన మూత్రపిండాలు అంత చిక్కటి ఉప్పును బయటికి పంపలేవు, దాహం ఇంకా పెరుగుతుంది. చేపకు మాత్రం మొప్పల్లో క్లోరైడ్ కణాలున్నాయి, అవి ఉప్పును తోడి బయట పోస్తాయి. మనం నెమ్మేలిలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చడానికి అంత ప్లాంటు కట్టి చేస్తున్న పని! ‘ఉప్పునంత’ అన్నది కొంచెం అతిశయోక్తే, మెగ్నీషియం, సల్ఫేట్ మూత్రంలోనే పోతాయి.

నిర్వాహకుడు: అతిశయోక్తి కూడా అలంకారమే కదా, ఉండనివ్వండి.

రాజోలు బాబాయి (ప్రస్తుతం టీ నగర్): మా పులసను వదిలేస్తే ఎలా?

వలస వచ్చి పులస వరద గోదారిలో
తీపినీరు తనివితీర త్రాగె
నాడు సంద్రమందు నరకమే గద బావ!
యుప్పునీరు త్రాగి దప్పి తీరె?

పంతులు: చివర ప్రశ్నగా తిప్పడం బాగుంది. ‘బావ’ అన్న పిలుపులో గోదారి యాస వినపడింది.

అడయారు అక్క: పద్యం తీయగా ఉంది బాబాయిగారూ, విషయమే తల్లకిందులైంది. సముద్రంలోనూ దానికి దప్పి తీరుతూనే ఉంటుంది. ఏటిలో అయితే అసలు తాగాల్సిన పనే పెద్దగా లేదు. ఇప్పుడు దాని రక్తమే నీటికన్నా ఉప్పన, పిలవకుండానే నీరు లోపలికి వచ్చేస్తుంది. ఆ వరదను మూత్రపిండాలు పల్చటి మూత్రంగా తోడిపోయాలి. మొప్పలు పని తిరగేసి, ఏటినీటిలో ఉన్న కాస్త ఉప్పునూ ఏరి లోపలికి లాక్కుంటాయి. ఈ మార్పు వెనక హార్మోన్లున్నాయి: చేపల్లో ఏటినీటికి ప్రోలాక్టిన్, ఉప్పునీటికి కార్టిసాల్.

బాబాయి: అరవై ఏళ్ళుగా తింటున్నా, అది నోరు మూసుకుని వస్తుందని తెలీదమ్మా! సవరించాను:

వలస వచ్చి పులస వరద గోదారిలో
నోరు మూసె త్రాగనొల్లననుచు
మునుపు సంద్రమందు ముచ్చట తీరంగ
నుప్పునీరు త్రాగి దప్పి తీరె

నిర్వాహకుడు: గణాలు, యతి, మూత్రపిండాలు మూడూ కుదిరాయి. ఈ వారం పద్యం ఇదే.

పంతులు: ఆ నిమ్మసోడా వాడి సంగతి ఇంకెవరికీ గుర్తులేదన్నమాట.