‘మిస్సీ అమ్మాళ్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: మిషనరీగా, రచయిత్రిగా పేరుపొందిన ఎమీ కార్మైకేల్ గురించి ఒక పరిచయ వ్యాసం రాస్తున్నాను. తమిళనాట ఊరివారు ఆమెను ‘మిస్సీ అమ్మాళ్’ అనేవారనీ, ఆమె పెంచిన పిల్లలు ‘అమ్మ’ అనేవారనీ చదివాను. రెండింటికీ ‘అమ్మ’ చాలునా? ‘దొరసాని’ అనవచ్చునా? ఆమె రచనలలో కనబడే ‘సిట్టీ’ అనే మాట ఏమిటో కూడా పెద్దలు చెప్పగలరు.

జవాబు: ‘దొరసాని’ వద్దండీ. అందులో అధికారం ధ్వనిస్తుంది, పైగా దొర భార్య అనే అర్థమూ ఉంది, ఎమీ అవివాహిత. మిషను బడులలో, ఆసుపత్రులలో పనిచేసిన ఇటువంటి స్త్రీలకు తెలుగువారు ఏనాడో ‘మిస్సమ్మ’ అని పేరుపెట్టుకున్నారు. ‘మిస్సీ అమ్మాళ్’కు అది అచ్చంగా సరిపోతుంది.

అసలు చిక్కు ‘అమ్మ’ దగ్గర వస్తుంది. తమిళంలో పేరు చివర చేరే ‘అమ్మాళ్’ ప్రధానంగా గౌరవవాచకం. ఎమీకి కుడిభుజంగా నిలిచిన పొన్నమ్మాళ్ పేరే చూడండి, మన లెక్కన ఆమె బంగారమ్మ. ఆ పేరు పలికేవారెవరూ ఆమెను తల్లిగా భావించి పలకరు. తమిళంలో చివరి ‘ళ్’ చూపించే ఈ తేడా తెలుగులోకి వచ్చేసరికి మాయమవుతుంది: మిస్సమ్మలో ఉన్నదీ అమ్మే, పిల్లలు పిలిచినదీ అమ్మే.

మీ వ్యాసానికి ఈ తేడాయే ప్రాణమని నా అభిప్రాయం. ఐర్లండులో 1867లో పుట్టి, 1895లో మన దేశానికి వచ్చి, తిరునెల్వేలి పల్లెలలో సువార్త చెబుతూ తిరిగిన రోజులలో ఆమె చాలామందికి ‘పిల్లలను పట్టుకుపోయే మిస్సీ అమ్మాళ్’. 1901 మార్చిలో, దేవదాసిని చేయడానికి గుడికి అప్పగించిన ప్రీనా అనే ఏడేళ్ల బాలిక అక్కడి నుంచి తప్పించుకుని ఆమెను చేరింది; అటువంటి పిల్లల కోసం దోహ్నావూరులో వెలసిన ఇంటిలో ఆమె అమ్మ అయ్యారు. 1931లో పడి గాయపడిన తరువాత దాదాపు ఇరవై ఏళ్లు గదికే పరిమితమై, అక్కడి నుంచే పుస్తకాలు రాస్తూ 1951లో కన్నుమూశారు. సమాధి మీద రాయి వద్దని ఆమె ముందే చెప్పినందున, పిల్లలు అక్కడ పక్షులకు నీళ్లు పోసే తొట్టిని నిలిపి, తల్లి అని అర్థమిచ్చే ఒక్క తమిళ మాటను దానిపై చెక్కించారు. ఆ మాటకు ముందు ‘మిస్సీ’ లేదు.

ఇక ‘సిట్టీ’ కేవలం ఇంగ్లీషు లిపి చేసిన అల్లరి. తమిళ ‘చిత్తి’ని, వాడుకలో ‘సిత్తి’ని, ఆమె రెండు ‘టీ’లతో రాశారు, మనం దానిని టకారంగా చదివితే నగరమో, నగరంలో తిరిగే బస్సో గుర్తుకు వస్తుంది. చిత్తి అంటే పినతల్లి. ఆ ఇంటిలో పిల్లలను చూసుకునే స్త్రీలకు హోదాలు పెట్టక, అక్కాళ్ అనీ చిత్తి అనీ వరుసలు కలిపి పిలిచేవారు. పురుషులు ‘అణ్ణాచ్చి’, అంటే అన్నయ్య.

ప్రశ్న: ధన్యవాదాలండీ. అయితే చిత్తిని ‘పిన్ని’ అనమంటారా, ‘చిన్నమ్మ’ అనమంటారా?

జవాబు: పిన్ని అనండి. మీ వ్యాసంలో ఇప్పటికే అమ్మలు ఎక్కువయ్యారు.