వెలయాలా, వెలియాలా?

నల్లకుంట:
పడుపువృత్తిని చట్టబద్ధం చేయాలా వద్దా అన్న సభకు కరపత్రం రాస్తున్నాం. "పలువురు నడచెడి తెరువునఁ బులు మొలవదు" అన్న సుమతి పద్యం పైన పెడదామని ఒకరన్నారు. మొదటి పాదం దగ్గరే పేచీ. "వెలయాలివలనఁ గూరిమి గలుగదు" అని కొందరం, "వెలియాలి" అని ఇంకొందరు. వెలి అంటే వెలివేసిన అని వాళ్ల మాట. ఏది పాఠం?

మలక్‌పేట:
వెలయాలే. వెల + ఆలు, మధ్యన యడాగమం. తమిళంలో విలైమగళ్, కన్నడంలో బెలెవెణ్ణు. పొరుగు భాషలు రెండూ ధర మీదే మాట కట్టుకుంటే మనకొక్కరికీ వెలి ఎందుకొస్తుంది?

సికింద్రాబాద్:
మాస్టారూ, ఛందస్సు మాత్రం తేల్చదు. కందంలో ప్రాస లకారం: వెల, గలు, పలు, బులు. హల్లు కుదిరితే చాలు, అచ్చుతో పనిలేదు. వెలయా అన్నా వెలియా అన్నా సగణమే. పైగా వెలికి తెలుపు అన్న అర్థమూ ఉంది, వెలిదామర చూడండి. స్త్రీ అని అర్థమున్న వెలది కూడా ఆ కాంతిలోంచే పుట్టిందనుకుంటాను. అలాంటప్పుడు వెలియాలు అంటే మెరిసే స్త్రీ ఎందుకు కాకూడదు?

మలక్‌పేట:
పద్యమే అడ్డం. "పలువురు నడచెడి తెరువు" అంటున్నాడు. వెలివేసిన దారిలో పలువురు ఎందుకు నడుస్తారు? ఉపమానం కుదరాలంటే వెల అనే ఉండాలి.

మౌలాలి:
ఇల్లాలిలో ఉన్నదీ ఈ ఆలే. ఇల్లు చేరితే గౌరవం, వెల చేరితే నింద. సాని సంగతీ అంతే: దొరసాని, మంత్రసాని మర్యాదకరం, విడిగా సాని అంటే తిట్టు. స్వామిని నుంచి వచ్చిన మాట అది! మా గుట్ట కింద మహ్‌లఖా బాయి చందా సమాధి ఉంది. 1824లో పోయింది, ఉర్దూలో సొంత దీవాన్ (కవితా సంపుటి) ఉన్న కవయిత్రి. ఆమెను తవాయిఫ్ అన్నారు, అంటే ఆటపాటలు నేర్చిన కళావంతురాలు. ఆ మాటను వెలయాలు అని తెనిగిస్తే పాటా, కవితా రెండూ ఎగిరిపోతాయి. గణికకు కూడా ఇదే అన్యాయం జరుగుతోంది.

తార్నాక:
పాఠం ఏదైనా సరే, కరపత్రంలో ఆ పద్యం వద్దు. కూరిమి ఉందా లేదా అన్నది చట్టం ప్రశ్న కాదు. "వ్యభిచారం" అన్న మాట అసలే వద్దు. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు ఐపీసీ 497వ సెక్షన్ కొట్టేసినప్పుడు మన పత్రికలు ఆ మాటే వాడాయి. ఆ తీర్పు వివాహేతర సంబంధం గురించి. పడుపువృత్తికి సంబంధించిన 1956 నాటి పీటా చట్టం చెక్కుచెదరలేదు.

అందులో డబ్బు తీసుకోవడం నేరమని ఎక్కడా లేదు, చుట్టూ ఉన్నదంతా నేరం. ఇద్దరు ఆడవాళ్లు భయంతో ఒకే గది తీసుకుని ఎవరి సంపాదన వాళ్లు చేసుకున్నా, "పరస్పర లాభం" అన్న మాటతో అది వ్యభిచార గృహం అవుతుంది. ఒంటరిగా ఉంటే ప్రమాదం, కలిసి ఉంటే 3వ సెక్షన్. ఆమె సంపాదన మీద బతికే కొడుక్కి 18 దాటితే 4వ సెక్షన్. గుడికో బడికో 200 మీటర్ల లోపైతే 7. పోలీసు దాడి జరిగితే పేపర్లో "యువతులకు విముక్తి" అని వస్తుంది, కానీ 17వ సెక్షన్ కింద రక్షణ హోమ్‌లో ఏడాది నుంచి మూడేళ్లు ఉంచవచ్చు. దాన్ని విముక్తి అనడం ఘోరం.

సికింద్రాబాద్:
2022 మే 19 సుప్రీంకోర్టు ఉత్తర్వు కూడా చెప్పండి. ఇష్టం లేకుండా హోమ్‌లలో ఉన్న వయోజన స్త్రీల కేసులు సమీక్షించాలంది, కండోమ్‌లను నేరానికి సాక్ష్యంగా చూపొద్దంది. పంచనామాలో సెల్‌ఫోన్లు, నగదు పక్కన కండోమ్ ప్యాకెట్లు రాస్తే జరిగేదేమిటి? దగ్గర పెట్టుకోవడానికే భయపడతారు, రోగం ఇంటిదాకా వస్తుంది.

తార్నాక:
అందుకే "చట్టబద్ధం" మీద కూడా నాకు అభ్యంతరం. అది లైసెన్సు మాట. జర్మనీ 2002లో వృత్తిగా గుర్తించింది. న్యూజిలాండ్ 2003లో నేరాల జాబితాలోంచి తీసేసింది. స్వీడన్ 1999 నుంచి కొనేవాడినే శిక్షిస్తోంది. మూడింటికీ మనం ఒక్క మాటే వాడుతున్నాం. "నేరం కాకుండా చేయాలి" అని రాయండి.

మౌలాలి:
కొనేవాడికి మన పత్రికల్లో "విటుడు" అన్న నాటకాల పేరుంది. వెల అన్న మాట మాత్రం ఆమెకే అంటింది, కట్టేవాడికి అంటలేదు. నేనైతే స్వీడన్ వైపే.

తార్నాక:
ఒప్పుకోను. కొనేవాడు భయపడితే బేరం చీకటి సందులోకి పోతుంది, అక్కడికి వెళ్లాల్సింది ఆమే.

నల్లకుంట:
పద్యం తీసేశాం. "నేరం కాకుండా" అని మార్చాం. ఇక మొదటి మాట: పడుపా, పడపా? పాత నిఘంటువుల్లో పడపు కనిపిస్తోంది.

మలక్‌పేట:
పడపే. పడపు అంటే సంపాదన. అందులో నింద లేదు.

సికింద్రాబాద్:
వాడుక పడుపు, మాస్టారూ. జనం నోట్లో ఉకారం స్థిరపడ్డాక...