పులి, డ్రాగన్ ఉన్న ఈ వైద్య దేవుడు ఎవరు?

తైవాన్‌లోని తైనాన్‌లో ఒక చిన్న తావో గుడిలో విగ్రహం ఫోటో తీశాను. కూర్చున్న పెద్దాయన, కుడిచేతి వేళ్ల మధ్య సన్నటి సూది, కాళ్ల దగ్గర నోరు తెరిచిన పులి, భుజం వెనక డ్రాగన్. తలమీద ఎర్ర గుడ్డ కప్పారు. పేరు పలక అగరుపొగకి పూర్తిగా నల్లబడిపోయింది.

682లో చనిపోయిన, తర్వాత దేవుడిగా కొలిచిన చైనా వైద్యుడు సున్ సిమియావో అనే అనుకున్నాను. తీరా చదివితే, 979లో పుట్టిన చైనాలోని ఫూజియాన్ వైద్యుడు వూ తావో, అంటే బావోషెంగ్ దాదీ పేరుతో కొలిచే దేవుడికి కూడా అదే కథ ఉంది: పులి గొంతులో ఇరుక్కున్నది తీశాడు, డ్రాగన్ కన్ను బాగుచేశాడు. ఫోటో యాప్ రెండుసార్లు రెండు పేర్లు చూపించింది. గుడి ఉత్సవం చాంద్రమానం మూడో నెల 15నా (బావోషెంగ్ దాదీది), నాలుగో నెల 28నా (సున్ సిమియావోది) అని గుడివాళ్లని అడిగితే తేలిపోయేది. రెండు సాయంత్రాలు వెళ్లినా ఎవరూ దొరకలేదు.

విగ్రహం చూసి ఈ ఇద్దరినీ కచ్చితంగా వేరుచేసే గుర్తు ఏది?